సుద్దగీత పడ్డ కొవ్వొత్తులు

తుఫానుకు కరెంటు స్తంభాలు కూలాయనీ, దీపాలు వెలగడానికి వారం పడుతుందనీ తెలియగానే కిరాణా కొట్టాయనకు పొద్దుటి కాఫీ అమృతంలా అనిపించింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. దీపం లేనప్పుడే కొట్టు చక్కబెట్టుకోవాలని ఆయన ఆ సామెతను కాస్త సవరించుకున్నాడు.

"కొవ్వొత్తి ధర అయిదింతలు. గిరాకీ పెరిగితే ధర పెరుగుతుంది, నేనేం చెయ్యను?" అని అద్దంలో మనిషికి నచ్చజెప్పాడు. భార్య పాత ధరకు అమ్మేస్తుందన్న భయంతో కొవ్వొత్తుల పెట్టెలన్నిటి మీదా సుద్దముక్కతో అడ్డగీత గీసి, కొత్త ధర అట్ట మీద రాయడానికి వెనక గోదాములోకి వెళ్లాడు. అంకెలు ముచ్చటగా రావాలని చాలాసేపు తంటాలు పడ్డాడు.

తీరా అట్ట చంకన పెట్టుకుని వచ్చేసరికి ఎదురింటి దర్జీ చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. "బాబాయ్, మీలాంటి మనిషి ఉండడు."

ధర సంగతి అప్పుడే పొక్కిందా అని ఆయన తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "ఏం చెయ్యనయ్యా, గిరాకీ అలాంటిది."

"అదేగా మీ గొప్పతనం. ఇంత గిరాకీలోనూ..." దర్జీ కళ్లొత్తుకున్నాడు.

పక్కింటి ముసలావిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "చీకట్లో మా ఆయనకి మందు ఎలా పొయ్యాలా అని ఏడుస్తున్నా నాయనా. నీ కడుపు చల్లగుండ."

ఆయన లోపలికి పరిగెత్తాడు. "పెట్టెలేవే?"

"పంచేశా. గీత పెట్టారుగా," అంది భార్య. విరిగిన బిస్కెట్లకూ, సొట్టపడ్డ డబ్బాలకూ ఆయన అడ్డగీత పెట్టడం, ఆవిడ వాటిని వీధిలో పంచడం వాళ్ల కాపురమంత పాత అలవాటు. ఆశలో పడి ఆయన అది మరిచాడు. "ఏం లోపమో గానీ, నాకైతే బాగానే కనబడ్డాయి."

"లోపం కొవ్వొత్తుల్లో కాదులే," అంటూ కూలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే వీధి కాలువ పొంగింది. నీళ్లు గోదాము గడప తాకాయి. లోపల బియ్యం, పప్పుల బస్తాలు. అవి తడిస్తే కొట్టు మూసుకోవడమే. గుమ్మంలో కనిపించిన బండివాణ్ని పట్టుకున్నాడు. "ఎంత అడిగినా ఇస్తా, బస్తాలు మిద్దె మీదికి చేర్చు."

బండివాడు వీధిలోకి ఒక్క కేక పెట్టాడు. దర్జీ వచ్చాడు, దర్జీ తమ్ముళ్లు వచ్చారు, వీధంతా వచ్చింది. ముసలావిడ మెట్ల దగ్గర నిలబడి అందరినీ అదిలించింది. గోదాములో మోకాలి లోతు నీళ్లు నిలిచేసరికి మిద్దె మీద గదిలో గింజ తడవకుండా బస్తాలన్నీ భద్రంగా ఉన్నాయి.

"ఎంతివ్వమంటావు? ఇవాళ మీ గిరాకీ నాకు తెలుసు," అన్నాడాయన, అయిదింతలకు సిద్ధపడి.

"ఊరుకో బాబాయ్. రాత్రికి మా ఇంట్లో వెలిగేది నీ కొవ్వొత్తే," అన్నాడు బండివాడు, చొక్కా పిండుకుంటూ.

ఆయన ఒక్కొక్కరికీ చేతులు జోడించాడు. ఇందరు తన మనుషులని ఇన్నేళ్లుగా తెలియనందుకు సిగ్గేసింది, తెలిసినందుకు కళ్లు నిండాయి. చంకలోంచి అట్ట తీసి, దాని మీద సుద్దముక్కతో పెద్ద అడ్డగీత గీసి భార్య చేతికిచ్చాడు.

గీత పెట్టిన సరుకును ఆవిడ వీధిలో పంచకుండా పొయ్యిలో పెట్టడం అదే మొదటిసారి.