అందరూ ఓ ఇంటివాళ్ళయ్యారు

"ఆరు నెలలు తిరిగేలోగా ఈ నగరంలో ఇల్లు లేని ప్రతి మనిషినీ ఓ ఇంటివాణ్ణి చేసి చూపిస్తాను!"

గృహనిర్మాణ శాఖ మంత్రిగారు ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు ఆయన పెదాలకీ మైకుకీ మధ్య జానెడు దూరం ఉంది. ఆ దూరం పెట్టింది నేనే. చరిత్రలో నా పాత్ర అంతవరకే. నేను మైకు సెట్టు అద్దెకిచ్చేవాణ్ణి. "హలో, హలో, వన్ టూ త్రీ" తప్ప మైకులో ఇంకో మాట అనకపోవడం వల్ల అన్ని పార్టీలవాళ్ళూ నన్నే పిలుస్తారు.

సభ జరిగింది పెద్ద వంతెన కింద. అక్కడ రెండు వందల పన్నెండు మంది కాపురం ఉంటున్నారు. వాళ్ళని పోగు చెయ్యక్కర్లేదు, లారీల్లో తోలుకురానక్కర్లేదు. ఎప్పుడు వెళ్ళినా ఉంటారు. అందుకే మంత్రిగారికి ఆ చోటంటే ప్రాణం.

వంతెన పక్కనే నాలుగెకరాల ప్రభుత్వ స్థలం. చుట్టూ కంచె. కంచెకి బోర్డు: 'పేదల ఇళ్ళ కోసం కేటాయించిన స్థలం. లోపలికి ఎవరూ రాకూడదు.' తొమ్మిదేళ్ళుగా ఆ ఆజ్ఞని అందరూ పాటిస్తున్నారు. గృహనిర్మాణ శాఖ మరీ నిష్ఠగా పాటిస్తోంది.

ఆ స్థలంలో ఇళ్ళు కట్టమని పోరు పెట్టింది ఇస్త్రీ పెద్దమ్మ. వంతెన మూడో స్తంభం దగ్గర ఆమె ఇస్త్రీ బండి ఉంటుంది. బండి వెనక ఆమె, ఆమె భర్త మేస్త్రి. ఆయన నలభై ఏళ్ళు ఇతరులకి ఇళ్ళు కట్టి, మోకాలు అరిగిపోయి కూర్చున్నాడు. వాళ్ళకి ఒకప్పుడు ఒక గది ఉండేది. వంతెన వేస్తామని కూలగొట్టారు. మేస్త్రి ఆ శిథిలాల్లోంచి తలుపొక్కటి ఊడబెరుక్కుని తెచ్చి, స్తంభానికి ఆనించాడు. టేకు తలుపు. లోపలి వైపు ఇత్తడి గడియ. పెద్దమ్మ దాన్ని రోజూ తుడిచేది.

"ఏం అడుగుతున్నానయ్యా?" అనేది నాతో, నేనేమీ అడక్కపోయినా. "లోపలి నుంచి గడియ పెట్టుకుని పడుకోవాలి. అంతే. తలుపు మాదే. గోడలే వాళ్ళవి."

మంత్రిగారి ప్రకటన విని ఆమె చప్పట్లు కొట్టలేదు. "కాయితం మీద రాసిస్తారా?" అంది. మంత్రిగారు నవ్వి, "నా మాటే కాయితం తల్లీ!" అన్నారు. నిజమే. చింపడానికి తేలిక.

అయిదు నెలలు సమీక్షలు జరిగాయి. ప్రతి సమీక్షకీ నా మైకే. ఆరో నెలలో, గడువు వారం ఉందనగా, మంత్రిగారు ఆఖరి సమీక్ష పెట్టి శాఖ పెద్ద ఆఫీసరుని పిలిచారు.

"ఎన్ని ఇళ్ళు కట్టాం?"

"కట్టే దిశగా బాగా ముందుకెళ్ళాం సార్."

"ఎంత ముందుకి?"

"బోర్డుకి కొత్తగా పెయింట్ వేయించాం సార్."

మంత్రిగారు తల పట్టుకున్నారు. "అసలు నేను ఏమన్నాను ఆ రోజు? ఆరు నెలలనే అన్నానా?"

అందరూ నా వైపు చూశారు. నా సెట్టులో ఉన్న ఆనాటి సభ రికార్డింగు తీసి వినిపించాను. ఆఫీసరుగారు ఒకసారి విన్నారు. మళ్ళీ వెయ్యమన్నారు. మూడోసారికి కుర్చీలోంచి లేచారు.

"సార్! ఇల్లు కట్టిస్తానని మీరెక్కడా అనలేదు!"

"అనలేదా?"

"ఓ ఇంటివాణ్ణి చేస్తానన్నారు. అంటే పెళ్ళి చేస్తాననే కదా సార్? మా నాన్న నన్ను ఓ ఇంటివాణ్ణి చేశాడు. ఇల్లేమైనా కట్టించాడా? ఇప్పటికీ మా మామగారింట్లోనే ఉంటున్నాను."

మంత్రిగారు తల మీంచి చేతులు తీసి, కుర్చీలో సర్దుకున్నారు.

"మరి ఆడవాళ్ళు?" అన్నారు మంత్రిగారు మెల్లిగా.

"ఇంటిది అంటే భార్యే కదా సార్. భాష మొత్తం మన శాఖ వైపే ఉంది."

మా ఊరి బడిలో తెలుగు వాచకం రెండుసార్లు చదివాను. అందులో ఇంత సత్తా ఉందని మా పంతులుగారు చెప్పలేదు.

మర్నాడే వంతెన కింద సర్వే మొదలైంది. సర్వే గుమాస్తా ఒకటే ప్రశ్న అడిగాడు: "పెళ్ళయిందా?" అయిందన్నవాళ్ళ పేరు కొట్టేశాడు. వాళ్ళు ఇదివరకే ఇంటివాళ్ళు. భాగస్వామి పోయినవాళ్ళని 'ఇల్లు పొంది నిలబెట్టుకోలేనివారు' అని రాసి, వాళ్ళనీ కొట్టేశాడు. మధ్యాహ్నం టీ వేళకి నూట అరవై ఎనిమిది మందికి ఇళ్ళ సమస్య తీరిపోయింది.

పెద్దమ్మ గుమాస్తా చెయ్యి పట్టుకుంది. "మా పేరెందుకు కొట్టేశావు?"

"మీకు మేస్త్రిగారున్నారు కదమ్మా."

"ఉన్నాడు. అయితే?"

"అయితే ఇల్లున్నట్టే."

పెద్దమ్మ మేస్త్రి వైపు తిరిగి, కాళ్ళ నుంచి తల దాకా చూసింది. "ఇందులో వంటగది ఎటువైపయ్యా?" అంది.

మిగిలిన నలభై నలుగురినీ ఆఫీసరుగారు స్వయంగా జతలు కలిపారు. వీధులూడ్చే ఆవిడని బండిలాగే ఆయన పక్కన నిలబెట్టగానే ఆమె గొల్లుమంది.

"అయ్యో సారూ, ఈయన నాకు అన్న!"

"తోడబుట్టినవాడా?"

"కాదు, పదిహేనేళ్ళుగా అన్నా అని పిలుస్తున్నాను."

"రేపటినుంచి ఏమండీ అని పిలువు. జీవో ఇస్తాం."

బండిలాగే ఆయన చేతులు కట్టుకుని, "సార్, చెల్లెల్ని చెల్లెలిగానే ఉంచమని ఇవ్వండి జీవో," అన్నాడు. ఆఫీసరుగారు దాన్ని అంగీకారం కింద రాసుకున్నారు.

ఆ సాయంత్రం పెద్దమ్మ, మేస్త్రి మా మైకు షాపు పక్కకి వచ్చారు. అక్కడ అర్జీలు టైపు చేసే ఆయన కూర్చుంటాడు.

"మాకు విడాకులు కావాలి బాబూ," అంది పెద్దమ్మ.

టైపు ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఈ వయసులోనా? ఏం గొడవొచ్చింది?"

"గొడవేం లేదు. విడిపోతే మళ్ళీ ఇల్లు లేనోళ్ళ జాబితాలో ఎక్కుతాం. జాబితాలో ఉంటేనే కదా గట్టిగా అడగ్గలం."

"పెళ్ళై ఎన్నేళ్ళు?"

"ముప్పై ఏడు," అన్నాడు మేస్త్రి.

"ముప్పై ఎనిమిది," అంది పెద్దమ్మ.

"బాగుంది, అభిప్రాయభేదాలు," అంటూ టైపు చేసుకున్నాడు. "ఇక్కడో కాలమ్ ఉంది. ఇల్లు విడిచి వెళ్ళింది ఎవరు? భర్తా, భార్యా?"

మొగుడూ పెళ్ళాం మొహాలు చూసుకున్నారు.

"మేమెవరం విడవలేదయ్యా," అన్నాడు మేస్త్రి. "ఇల్లే మమ్మల్ని విడిచిపెట్టి పోయింది."

టైపు ఆయన కాగితం ఇటూ అటూ తిప్పి చూశాడు. "ఆ కాలమ్ లేదు," అని మిషన్‌లోంచి లాగేశాడు.

గడువు రోజు రానే వచ్చింది. వంతెన కింద షామియానా వేశారు. పడకలు చుట్టి మూలకి నెట్టి, వాటి చోట కుర్చీలు వేశారు. వేదిక మీద ఇంటికి గుర్తుగా ఏదైనా ఉంటే బాగుంటుందని ఆఫీసరుగారికి తోచింది. ఇల్లు దొరకలేదు. పెద్దమ్మ తలుపు దొరికింది.

"అది మాది సారూ," అన్నాడు మేస్త్రి లేవబోతూ.

"ప్రజలదంటే ప్రభుత్వానిదే కదా తాతా," అన్నారు ఆఫీసరుగారు ఎంతో ఆప్యాయంగా.

"ఇస్తాంలే," అంది పెద్దమ్మ. "కాస్త తుడిచిస్తాను, ఉండండి." తలుపుకి అవతలి వైపు కూర్చుని చాలాసేపు తుడిచింది. ప్రభుత్వ కార్యక్రమమంటే ఆమెకింత భక్తి ఉందని అప్పుడే తెలిసింది నాకు.

మంత్రిగారు ఆ తలుపు తోసుకుని వేదిక మీదికి వచ్చారు. కెమెరాలవాళ్ళు సరిగ్గా పడలేదంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చారు. ఇరవై రెండు జంటలు దండలు మార్చుకున్నాయి. వీధులూడ్చే ఆవిడ దండ వేస్తూ, "క్షమించన్నా," అంది. మైకు దగ్గరగా ఉండడంతో అది ఊరంతా వినబడింది. మంత్రిగారు కళ్ళు తుడుచుకున్నారు.

"ఈ క్షణం నుంచి ఈ నగరంలో ఇల్లు లేని మనిషి లేడు!" అన్నారు. "సభ ముగిసింది. ఇక అందరూ క్షేమంగా మీ మీ ఇళ్ళకి వెళ్ళండి!"

ఎవరూ కదల్లేదు.

మంత్రిగారు మళ్ళీ చెప్పారు. రెండు వందల పన్నెండు మందీ ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడి ఆయన్నే చూస్తున్నారు.

"చూశావటయ్యా," అన్నారు మంత్రిగారు ఆఫీసరుతో. "నన్ను వదిలి వెళ్ళలేకపోతున్నారు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు చెప్పవయ్యా కాస్త గట్టిగా," అన్నారు.

ఇరవై ఏళ్ళలో మొదటిసారి మైకులో వేరే మాట అన్నాను. "అందరూ ఇళ్ళకి వెళ్ళండి."

"మేం ఇంట్లోనే ఉన్నాం నాయనా!" అని కేకేసింది పెద్దమ్మ వెనకనుంచి. "మీరు నిలబడింది మా పొయ్యి దగ్గర. మీరు కదిలితే అన్నం వండుకుంటాం."

మంత్రిగారి మొహం వెలిగిపోయింది. "రాసుకో, రాసుకో," అన్నారు ఆఫీసరుతో.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో పెద్ద అక్షరాలు: 'మేం ఇంట్లోనే ఉన్నాం! వంతెన కింద ఆనందబాష్పాలు.' కింద చిన్న వార్త: పథకం విజయానికి గుర్తుగా, మంత్రిగారు ప్రవేశించిన ఆ తలుపుని గృహనిర్మాణ శాఖ కార్యాలయంలో మంత్రిగారి గదికి బిగించారు.

పేపరు పట్టుకెళ్ళి పెద్దమ్మకి చదివి వినిపించాను. మూడో స్తంభం మీద తలుపంత మేర మసి పట్టని చోటు తెల్లగా ఉంది. ఆమె పేపరు తీసుకుని, మడిచి, ఇస్త్రీ పెట్టె కింద వేసుకుంది. ఆ తర్వాత బొడ్లోంచి ఏదో తీసి బండి మీద పెట్టింది.

ఇత్తడి గడియ. నాలుగు మేకులతో సహా.

"ఇంక ఆ తలుపు లోపలినుంచి వేసుకోడానికి రాదు," అంది. "ఎవరు తోసినా తెరుచుకుంటుంది. రేపు పొద్దున్నే రెండు వందల పన్నెండు మందిమీ వెళ్తున్నాం. కట్టేదాకా ఆ గదిలోనే ఉంటాం. నీ మైకు తెస్తావా?"

వైరు ఎంత పొడుగు కావాలని మాత్రం అడిగాను.