ఒక్క భాష చాలు, రెండుసార్లు

మీరందరూ నన్ను పిరికిదంటారు. అనండి, నాకేం కోపం లేదు. కానీ ఆ ఆదివారం క్లబ్బు హాలు నవ్వులతో ఎందుకు మోగిపోయిందో తెలిస్తే, పిరికితనం కూడా ఒక్కోసారి ఎంత పనికొస్తుందో మీరే ఒప్పుకుంటారు.

మా ఆయన రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఇరవై ఏళ్ళుగా మైకు ముందే బతుకు. స్నేహితులు ముద్దుగా మైకాసురుడంటారు. మా దేశంలో భాషలు రెండు. అందుకని రైలు వస్తోందన్నా, ఆలస్యమన్నా, అసలు రానే రాదన్నా ప్రతి మాటా రెండుసార్లు చెప్పాలి. ముందు ఆయన భాషలో, వెంటనే మా పుట్టింటి భాషలో. మా పెళ్ళి కూడా అలాగే కుదిరింది. ఉద్యోగానికి రెండో భాష కావాల్సి వచ్చింది, దాంతోపాటు నేనూ వచ్చాను.

ఈమధ్య ప్రభుత్వం రెండు భాషలూ ఉంచాలా, ఒక్కదాన్నే అధికార భాష చేయాలా అని ఆలోచనలో పడింది. టీవీలో ఒకటే చర్చ. మా ఇంట్లో టీవీ కట్టేసినా చర్చ ఆగదు.

"వచ్చే రైలు ఒకటి. దానికి రెండుసార్లు చెప్పడం ఎందుకే?" అన్నారాయన.

"రైలు ఒకటేనండీ. దానికోసం పరిగెత్తేవాళ్ళు రెండు రకాలు కదా?"

"ఎనిమిదో తరగతితో ఆపేసినదానివి. ఇవన్నీ నీకు అర్థం కావులే."

"మీరు పదో తరగతి రెండుసార్లు చదివారుగా. మీకు బాగా అర్థమై ఉంటాయి."

ఆ మాట ఎక్కడో గుచ్చుకున్నట్టుంది. మర్నాడు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు సవరించుకుని, ప్రకటించేశారు.

"ఈ రోజు నుంచి ఈ ఇంటికి ఒక్కటే అధికార భాష. నాది."

"ఇప్పుడేం కొంప మునిగిందండీ?"

"ఇదిగో, ఇదే! కొంప మునగడాలు, గ్యాసు లీకవడాలు, పిల్ల మెట్ల మీంచి జారిపడటాలు... నీ భయాలన్నీ మీ పుట్టింటి భాషలోనే వస్తాయి. ఆ భాష ఆపేస్తే అవీ ఆగుతాయి."

"పొరపాటున నోరుజారితే?"

"జారినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి."

ఇన్నేళ్ళుగా నేను ఏ నేరానికి ఆ శిక్ష అనుభవిస్తున్నానో అప్పుడు తెలిసింది.

నవ్వుకున్నాను గానీ, ఆయన అటు వెళ్ళగానే కొత్త భయం పట్టుకుంది. మా బుజ్జిదానికి పదేళ్ళు. ఇప్పుడు మా భాష మరిచిపోతే, రేపు నేను ముసలిదాన్నై, మంచాన పడి, దాహం అని అడిగితే? అది దిండు తెచ్చి తలకింద పెడుతుంది. నేను గొంతెండి పోతాను. అది దిండు సరిచేస్తూనే ఉంటుంది.

నా భయం సంగతి సరే. సాయంత్రం జరిగింది మాత్రం నిజం. మా అమ్మకి మా భాష ఒక్కటే వచ్చు. రోజూ ఆ వేళకి ఫోన్ చేసి మనవరాలితో మాట్లాడితే గానీ ఆవిడకి ముద్ద దిగదు. ఆ రోజు మా ఆయన పక్కనే కాపలా కూర్చున్నారు. బుజ్జిది బిక్కుబిక్కుమంటూ వాళ్ళ నాన్న భాషలో కుశలం చెప్పింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది అవతల మా అమ్మ. "మా బుజ్జికి ఇవ్వు తల్లీ."

ఇది మళ్ళీ ఏదో చెప్పింది. "పాపం, రాంగ్ నంబరు" అని మా అమ్మ పెట్టేసింది.

బుజ్జిది వెళ్ళి బీరువా పక్కన కూర్చుంది. ఏ భాషలో ఏడవాలో తెలియక ఊరుకుంది.

నాకు ఒళ్ళు మండింది. "పసిదానికి అమ్మమ్మని లేకుండా చేశారు కదండీ!"

ఆయనా కాస్త తగ్గారు. కానీ చట్టం చేసినవాడు వెంటనే దిగివస్తే పరువేం కావాలి? "ఈ ఆదివారం క్లబ్బులో దీనిమీదే చర్చ ఉంది. ఒక్క భాష తరఫున నేను, రెండు భాషల తరఫున ఎదురింటి కంపౌండరు. నేను గెలిస్తే ఈ చట్టం శాశ్వతం. ఓడితే ఆ రోజే రద్దు. సరేనా?"

సరేనన్నాను గానీ గెలుస్తామన్న నమ్మకం లేదు. కంపౌండరుగారి గొంతు ఎంత మెత్తనంటే, సూది గుచ్చాక గానీ ఆయన గదిలో ఉన్నారని తెలియదు.

శనివారం మా ఆయన, మైకు లేకుండా సొంత గొంతుతోనే మాట్లాడతానంటూ, ఇల్లంతా తిరుగుతూ ఉపన్యాసం సాధన చేశారు. చేతులు ఊపడమేమిటి, గొంతు ఎత్తడమేమిటి! వింటూ ఉంటే నాకే ఆయన పక్షం చేరిపోవాలనిపించింది. తిరిగి తిరిగి వంటింట్లోకి వచ్చారు.

"నాన్నా, మైకు లేకపోతే నువ్వు నువ్వులా లేవు" అని బుజ్జిది ఆటకి ఆయన చేతిలో గరిటె పెట్టింది.

ఆయన దాన్ని నోటి దగ్గర పెట్టుకున్నారు. "ఒక్క దేశానికి ఒక్క భాష చాలు!" అన్నారు. ఆ వెంటనే, కన్ను కూడా ఆర్పకుండా, అదే మాట మా పుట్టింటి భాషలో అన్నారు. తరువాతి మాటా అంతే. ఆ తరువాతిదీ అంతే. ఇరవై ఏళ్ళ అలవాటు! ఆయనకి తెలియనే తెలియదు.

బుజ్జిది ఏదో అనబోయింది. దాని నోట్లో రొట్టెముక్క కుక్కాను.

"ఎలా ఉంది?" అన్నారు గరిటె కింద పెట్టి.

"బ్రహ్మాండం" అన్నాను, చట్టప్రకారం ఆయన భాషలోనే.

ఆయన అటు బజారుకి వెళ్ళగానే నేను ఇటు క్లబ్బు ప్రెసిడెంటుగారింటికి పరిగెత్తాను. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. "మా ఆయన మైకు లేకుండా మాట్లాడతానంటున్నారండీ. గొంతులో నరం తెగి అక్కడే పడిపోతారేమోనని భయంగా ఉంది" అన్నాను. నేను భయపడుతున్నానంటే మా వీధిలో ఎవరూ కారణం అడగరు. "ఏర్పాటు చేయిస్తాలేమ్మా, నువ్వు ముందు మంచినీళ్ళు తాగు" అన్నారు.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ముందు కంపౌండరుగారు మాట్లాడారు. మైకున్నా సిగ్గుపడి దానికి అల్లంత దూరాన నిలబడ్డారు గనక మొదటి వరస తప్ప ఎవరికీ వినిపించలేదు. మొదటి వరస మాత్రం తల ఊపింది.

తరువాత మా ఆయన లేచారు. సొంత గొంతే చూపిస్తానని బయల్దేరిన మనిషికి, తళతళలాడే మైకు కనిపించేసరికి చెయ్యి దానంతటదే వెళ్ళింది. మరి నాతో కన్నా దానితోనే ఎక్కువ కాపురం చేశారు.

"రెండో భాష దేశానికి బరువు!" అని గర్జించారు. మా భాషలోనూ గర్జించారు.

జనం మొదట మర్యాద కోసం అనుకున్నారు. "చెప్పిందే చెప్పడం కాలయాపన!" అన్నారు, రెండుసార్లు. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు కుర్చీ మీంచి కుర్చీ మీదికి దూకింది. ఆయన దాన్ని మెప్పు అనుకుని మరీ రెచ్చిపోయారు.

"చూశారా! నా మాట ఈ హాల్లో ప్రతి ఒక్కరికీ అర్థమైంది!" మళ్ళీ మా భాషలో, ముత్యాల్లాంటి మాటల్లో, "ప్రతి ఒక్కరికీ అర్థమైంది!"

"ఎందుకు అర్థమైందో తమరికి అర్థమైందా?" అన్నారు ప్రెసిడెంటుగారు కళ్ళు తుడుచుకుంటూ.

కంపౌండరుగారు లేచి ఏదో అన్నారు. మొదటి వరసవాళ్ళు వెనక్కి తిరిగి అందరికీ చెప్పారు: "తను చెప్పాల్సిందంతా ఆయనే చెప్పేశారట!"

అప్పుడు మా ఆయన చేతిలోని మైకుని పాముని చూసినట్టు చూశారు. తరువాత నన్ను చూశారు. నేను పైన తిరుగుతున్న ఫ్యాన్ ఊడిపడుతుందేమోనని దాన్నే చూస్తున్నాను.

రెండు భాషలకే అందరూ చేతులెత్తారు. ఒక్క భాషవాళ్ళూ నవ్వలేక నవ్వుతూ ఎత్తేశారు. దేశం సంగతి ఇంకా తేలలేదు గానీ, మా ఇంటి సంగతి అక్కడే తేలిపోయింది.

సాయంత్రం బుజ్జిది ఫోన్ పట్టుకుని అమ్మమ్మకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెబుతోంది. అవతల మా అమ్మ నవ్వు వంటింటిదాకా వినిపిస్తోంది.

మా ఆయన మెల్లగా నా దగ్గరికి వచ్చారు. "ఆ మైకు పెట్టించింది నువ్వేగా?"

"మీ గొంతు గురించి భయమేసిందండీ."

"ఏ భాషలో?"

"మా పుట్టింటి భాషలో" అన్నాను. అని, గిన్నెల వైపు చూపించాను. "ఊరందరి ముందూ నోరుజారారు మరి."

"చట్టం రద్దయింది కదే!"

"రద్దయింది చర్చ అయ్యాక. నేరం జరిగింది అంతకుముందు."

ఆయన చొక్కా చేతులు మడుచుకుని సింకు దగ్గర నిలబడ్డారు. నురగలోంచి ముందుగా చేతికి వచ్చింది గరిటె. దాన్ని నోటి దగ్గర పెట్టుకుని, ఈసారి తెలిసే, నిదానంగా అన్నారు:

"కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను."

నేను ఎదురుచూశాను.

మా భాషలో కూడా అన్నారు.