ఒక్క పేజీ అడిగితే ఏడాదంతా తెచ్చే కంప్యూటర్

ఇట్లా దగ్గరికి జరగండి బిడ్డలూ, ఫోన్లు పక్కన పెట్టి వినండి. అడగకముందే తెచ్చిపెట్టే కంప్యూటర్‌ను మించిన పుణ్యాత్ముడు ఈ భూమ్మీద లేడు! కాదన్నవాళ్లు నా ముందుకు రండి.

నేను చదివింది రెండో తరగతి, అదీ సగం. అయినా కంప్యూటర్ కడుపులో కర్నెల్ అనే పెద్దమనిషి ఉంటాడని నాకు తెలుసు. మీరు ఒక పేజీ అడిగితే, తర్వాతివి కూడా అడుగుతారులే అని తానే అనుకుని, ఇంకో నాలుగు ముందే మోసుకొస్తాడు. దాని పేరు రీడ్-అహెడ్. ఎన్ని తేవాలో చెప్పడానికి ఒక నంబర్ ఉంటుంది. సినిమా చూసేవాళ్లకు ఎంత సుఖం! ఈ సీన్ అయ్యేలోగా వచ్చే సీన్ సిద్ధం.

ఆ సుఖం మన దిక్కు ఒక ఆఫీసుకూ దక్కింది. ఊరి పేరు చెప్పను. అక్కడ దవాఖాన పుట్టుకల రిజిస్టర్లన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పోశారు. ఆపరేటర్ నిరంజన్ మహా చురుకు. నంబర్ ఎంత పెంచితే స్పీడ్ అంత అని ఎవరో చెబితే, ఉన్నదాన్ని ఐదు వందల రెట్లు చేశాడు.

నా మనవరాలు మనీషాకు నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. శుక్రవారం ఐదింటికల్లా బర్త్ సర్టిఫికెట్ చూపకపోతే ఆ సీటు ఇంకొకరికి. బుధవారమే వెళ్లాను.

నేను నోరు తెరిచేలోగా నిరంజన్ నా తెల్ల జుట్టు చూసి, పింఛన్ ఫారం చేతిలో పెట్టాడు. ఎంత ముందుచూపు!

"పింఛన్‌కు కాదు బిడ్డా, మనవరాలి పుట్టిన కాగితం."

"గట్లనా అవ్వా? రేపు రా. సిస్టం స్లో ఉన్నది."

గురువారం వెళితే మళ్లీ పింఛన్ ఫారమే. శుక్రవారం మనీషాను వెంటబెట్టుకుని వెళ్లి అతని బల్ల ముందే కూర్చున్నాను.

"మా ఇంటిపక్క చాంద్యాకు బిడ్డ పుట్టిన తెల్లారి మా మనీషా పుట్టింది. చాంద్యా దవాఖానంత బూందీ పంచిండు. నడుమ ఇంకో కాన్పు లేదు. పట్టికల మా పిల్ల పేరు దొరకకుంటే చాంద్యా బిడ్డ పేరు పట్టు, కింది వరుస మాదే."

నిరంజన్ పేర్ల పట్టిక చూసి, ఆ పేజీ నొక్కాడు. కర్నెల్ ఒక్క పేజీ తెస్తాడా? అంత పిసినారా! ఆ ఏడాది పుట్టినవాళ్లను, మరుసటి ఏడాది పుట్టినవాళ్లను, కవలలతో సహా మోసుకొచ్చాడు. వాళ్లకు చోటు చాలక, అప్పుడే చూసిన పట్టికను బయట పారేశాడు. పేజీ నంబర్ కోసం మళ్లీ పట్టిక అడిగితే దాని వెనక ఇంకో వెయ్యిమంది! పెళ్లిలో ఉప్పు అడిగితే బగారా అన్నం గిన్నె మొత్తం విస్తట్లో బోర్లించినట్టు. ఉప్పు మాత్రం రాలేదు.

మూడున్నర అయింది. మనీషా గోళ్లు కొరుకుతోంది.

"ఒక్క పేజీకి గింతసేపా అన్నా?"

"ముందుగాల తెచ్చి పెట్టుకుంటది చెల్లె. తర్వాత పనికొస్తయి."

"ఎవలకు?"

నిరంజన్ మళ్లీ అదే పేజీ నొక్కాడు. మనీషా వాళ్ల చిన్నమ్మకు ఫోన్ కలిపింది. ఆమె నా చిన్న కూతురు కల్పన, హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీలో పని. సంగతి విని స్పీకర్‌లో నిరంజన్‌కు ఒకటే మాట చెప్పింది.

"అన్నా, మీరు పుస్తకం వరుసగ చదువుతలేరు. ఈడొక పేజీ, ఆడొక పేజీ తీస్తున్నరు. ఆ నంబర్ ముందుగాల ఎంతుండెనో గంతనే పెట్టుండ్రి."

నిరంజన్ ఒక్క లైన్ కొట్టాడు. రెప్ప వేసేలోగా చాంద్యా బిడ్డ! కింది వరుసలో మా మనీషా, నర్సమ్మ వంకర అక్షరాలతో సహా! నిరంజన్ ముద్ర కొట్టి ఇచ్చిన కాగితం పట్టుకుని పిల్ల అటునుంచి అటే పరుగెత్తింది. ఐదుకు పది నిమిషాలుండగా కాలేజీ నుంచి ఫోన్ చేసింది, సీటు దక్కిందని.

ఇంత జరిగినా కంప్యూటర్‌ను ఎందుకు పొగుడుతున్నానంటారా? దానికి తగ్గించే నంబర్ ఉంది బిడ్డలూ. తగ్గించగానే బుద్ధిగా, అడిగింది తెచ్చింది.

నేను లేచి గుమ్మం దాటుతుంటే నిరంజన్ పిలిచాడు. "అవ్వా, జర ఆగు!" మూడు రోజులు తిప్పినందుకు ఏమన్నా అంటాడేమోనని ఆగాను. పింఛన్ ఫారం చేతిలో పెట్టాడు. నాకు పదకొండేళ్లుగా పింఛన్ వస్తోంది.

ఇతని నంబర్ ఎక్కడ తగ్గించాలని కల్పనను అడిగాను. "గది మా కంపెనీల నేర్పలేదమ్మా" అంది.

ఈ ముచ్చట మనసులో పెట్టుకుని నలుగురికీ చెప్పండి. కౌంటర్ల వెనక కూర్చున్నవాళ్లకు ముందు చెప్పండి. చెప్పడం పూర్తయ్యేదాకా వాళ్లు ఏ ఫారం ఇచ్చినా మాత్రం తీసుకోకండి.