గోదాలో దిగిన యంత్రం

మనిషి వీపు ప్రభుత్వ దృష్టికి వచ్చింది పందొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరంలో. అంతకు ముందు కూడా వీపులు ఉండేవి గాని, వాటికి ఫైలు లేదు.

ఫైలు పుట్టగానే ప్రశ్న పుట్టింది. వీపు కండ పెరగాలంటే మనిషి తన ఒంటి బరువు తాను లేపుకోవడం మేలా, యంత్రం బరువు లాగడం మేలా? తేల్చడానికి వీపుల తులనా కార్యాలయం వెలిసింది. నరసింగరావు గారు దానికి ఇనస్పెక్టరు. (ఆయన వీపు ఎప్పుడూ కుర్చీకి ఆని ఉండేది గనుక ఎవరూ చూడలేదు.)

పరీక్షకు నెల్లిమర్ల పక్క పల్లెలో జోగయ్య తాలింఖానాను ఎంచారు. జోగయ్య నలభై ఏళ్లుగా అక్కడ దండాలు తీస్తూ, దూలం పట్టుకుని గడ్డం పైకి వచ్చేదాకా ఒంటిని లేపుతూ, కుర్రకారుకు కుస్తీ నేర్పుతున్నాడు. షరతు కాగితం మీదే ఉంది. ఒంటి బరువు నెగ్గితే తాలింఖానా ఎప్పటిలాగే ఉంటుంది. యంత్రం నెగ్గితే కుస్తీ పట్టే గోదా పూడ్చి సిమెంటు వేస్తారు. ఆ గోదాలో ఎర్రమట్టి జోగయ్య తండ్రి జల్లించి, నూనే మజ్జిగా పోసి మెత్తన చేసింది. జోగయ్య రోజూ దాన్ని పారతో తిరగేసేవాడు. చెప్పుకాలితో ఎవరూ తొక్కరు.

యంత్రం లారీలో వచ్చింది. పైన కప్పీ, దాని మీదుగా ఉక్కుతాడు, ఒక కొసన పిడి, ఇంకో కొసన ఇనుప బిళ్లలు. కూర్చుని పిడి లాగితే బిళ్లలు లేస్తాయి. ఒంటి బరువు పక్షం జోగయ్యది; యంత్రం లాగడానికి ముగ్గురు గుమాస్తాలను వేశారు. వాళ్లు బిళ్లలు తీసేసి లాగేవారు (కొత్త సామాను అరిగిపోకూడదని). దాన్ని వ్యాయామ స్థలం నడిమధ్య నిలపాలని ఉత్తర్వు. నడిమధ్య గోదా ఉంది.

"బాబూ, గుల్ల మట్టది. దిగిపోతాది," అన్నాడు జోగయ్య.

దిగిపోవడం గురించి ఉత్తర్వులో ఏమీ లేదన్నారు నరసింగరావు గారు.

తెల్లారేసరికి యంత్రం మోకాలి లోతు దిగింది. మర్నాడూ దిగింది. యంత్రం సమంగా నిలబడని రోజు పరీక్ష వాయిదా, పరీక్ష వాయిదా పడితే తాలింఖానాకు తాళం. అందుకని గుమాస్తాలు రాకముందే జోగయ్యా, శిష్యుడు పోతురాజూ కింద దూరి, వీపులు ఆనించి, దాన్ని పైకి లేపి నిలబెట్టేవారు. మూడు నెలలు అదే పని.

"ఏటి మావా, అది నీ ఒళ్లు పెంచడానికొచ్చినాదా, నువ్వు దాన్ని మొయ్యడానికా?" అంది తవిటమ్మ, మొగుడి వీపుకు ఆముదం రాస్తూ. బోర్లా పడుకున్న జోగయ్యకు తల తిప్పడమే కష్టంగా ఉంది.

కొలతల రోజు వచ్చింది. గుమాస్తాల వీపులు వచ్చినట్టే ఉన్నాయి. జోగయ్య వీపు అయిదు సెంటీమీటర్లు పెరిగింది.

"గెలిసీసినాం గురువా," అన్నాడు పోతురాజు.

నరసింగరావు గారు నిదానం గల మనిషి. ఇంతకు ముందు చొక్కా కొలత ఎంతని అడిగారు. ఇరవై ఏళ్లుగా ఒకటే కొలతని జోగయ్య ఉన్నమాట చెప్పాడు. అయితే ఇరవై ఏళ్ల దండాల వల్ల పెరుగుదల సున్న, మూడు నెలల యంత్రం వల్ల అయిదు సెంటీమీటర్లని ఆయన రాసుకున్నారు.

"నాను దాన్ని లాగనేదు బాబూ. ఎత్తినాను."

యంత్రాన్ని వాడటమంటే ఏ వైపు నుంచి వాడాలో నిబంధనల్లో లేదని ఆయన శాంతంగా చెప్పారు.

గోదా పూడ్చారు. సిమెంటు ఆరేదాకా యంత్రం బయట ఉండాలి, ఆరాక లోపలికి రావాలి. మోసే పని జిల్లాలో కొలత రుజువైన ఒకే ఒక్క వీపుకు అప్పగించారు. జోగయ్య గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విడిచి, సిమెంటు మీద దాన్ని దించాడు. అది దిగబడలేదు. మళ్లీ ఎత్తే పని లేకపోయింది. దూలం కూడా తీసేశారు.

ఏడాది తిరిగాక కొలిస్తే జోగయ్య వీపు ఏడు సెంటీమీటర్లు తగ్గింది. కారణం అన్న గడిలో నరసింగరావు గారు "పూర్వం తీసిన దండాల దుష్ఫలితం" అని రాసి, కింద జోగయ్య చేత వేలిముద్ర వేయించారు.