కవచంలో మిగతా సగం

శుక్రవారం ఉదయం ప్యో గివన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కొరియర్‌లో కవచం వస్తుంది, సాయంత్రం దాన్ని ప్రదర్శనశాలకు చేరవేయాలి, మర్నాడు బూసాన్ కంప్యూటర్ ఆటల ప్రదర్శనలో తన కొత్త ఆటను వేదికెక్కించాలి. ఆటలో నాయిక సొల్యంగ్, మంచుకొండల్లో సైన్యాన్ని నడిపే సేనాని. ఆమె వేషం కట్టడానికి హాయుల్ అనే నటిని మాట్లాడారు. ఆఫీసు సామానంతా అప్పటికే తరలిపోయింది కాబట్టి పార్శిల్‌కు గివన్ తన ఇంటి చిరునామా ఇచ్చాడు. ఇంట్లో అత్తగారున్నారన్న సంగతి మరిచాడు.

అత్తగారి పేరు ఒక్సున్. శీతాకాలానికి సరిపడా కిమ్చి, అంటే క్యాబేజీ పచ్చడి, పెట్టడానికి కూతురింటికి వచ్చారు. ట్రాఫిక్ పోలీసుగా పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఆవిడ చెయ్యెత్తితే లారీలు ఆగేవి. ఇప్పుడు అల్లుడు ఆగుతున్నాడు.

పార్శిల్ రాగానే ఆవిడ ఉప్పు క్యాబేజీలు పక్కకు నెట్టి, చేతులు కడుక్కుని, పెట్టె విప్పారు. పైన ‘సేనాని యుద్ధకవచం’ అని రాసి ఉంది. లోపల శిరస్త్రాణం, మూకుళ్ళంత భుజకవచాలు, మోచేతుల దాకా తొడుగులు, మోకాళ్ళ దాకా బూట్లు ఉన్నాయి. మధ్య భాగానికి మాత్రం రెండు సూపు గిన్నెలంత రేకులు, ఒక తోలు పట్టీ. ఆవిడ పెట్టెను బోర్లించి దులిపారు. ఇంకేమీ రాలలేదు. వెంటనే కొరియర్ ఆఫీసుకు ఫోన్ కొట్టారు.

"ఏం బాబూ, సగం సామాను దారిలో పారేశారా?"

"లేదండీ, సీలు వేసిన పెట్టె. ఎలా ఇచ్చారో అలాగే తెచ్చాం."

"తలకుంది, చేతులకుంది, కాళ్ళకుంది. పొట్టకేదీ? నడుముకేదీ? కత్తి దిగేది మోచేతిలోకా?"

"అది... తయారుచేసినవాళ్ళని అడగండమ్మా!" అని అవతలి మనిషి నంబరు చెప్పి బతికి బయటపడ్డాడు.

ఆ నంబరు తాక్ దోహీది. కవచాలు చేయడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. సొల్యంగ్‌కు ఆమె మొదట మెడ నుంచి మడమ దాకా నిండు కవచం చేసింది. గివన్ చూసి "కాస్త తగ్గించండి" అన్నాడు. తగ్గించింది. "ఇంకాస్త" అన్నాడు. ఆటలో మగ సేనానికి మాత్రం వేళ్ళు కూడా కనపడవు. అదేమిటని అడిగితే "ఆమెకు వేగం ముఖ్యమండీ" అన్నాడు. ఆ వేగం ధాటికి ఊడిపోయిన భాగాలన్నీ దోహీ దుకాణంలో మూలన పడి ఉన్నాయి.

"ప్యో గివన్ తరఫున మాట్లాడుతున్నా. అతనికి పైన పెద్దదాన్ని నేనే," అన్నారు ఒక్సున్. "మిగతా సగం ఏదమ్మా?"

దోహీ నిటారుగా నిలబడింది. "ఉంది మేడమ్! పారెయ్యబుద్ధి కాక దాచాను."

"దాచడమేంటి? పట్టుకురా."

"డైరెక్టర్ గివన్ గారు ఒప్పుకోవాలి కదా మేడమ్..."

"అతనేంటి ఒప్పుకునేది? నేను చెప్తున్నాగా!"

అయినా దోహీ జాగ్రత్తపరురాలు. గివన్‌కు ఫోన్ చేసింది. ప్రదర్శనశాలలో అతని పక్కనే డ్రిల్లింగ్ మోగుతోంది. "పెద్ద మేడమ్ ఫోన్ చేశారు" అన్న ముక్క తప్ప అతనికేమీ వినిపించలేదు. వాళ్ళ కంపెనీలో పెద్ద మేడమ్ అంటే ఒక్కరే, ఛైర్మన్ గారి తల్లి. గివన్ ఫోనులోకి అరిచాడు.

"ఆవిడ ఏం చెప్తే అది చెయ్యండి! మళ్ళీ నన్నడక్కండి!"

పెట్టె ఆ సాయంత్రమే ఇంటి నుంచి ప్రదర్శనశాలకు చేరింది, మిగతా సగాన్ని దోహీ అక్కడికే తెచ్చింది. శనివారం పొద్దున తెర వెనక నిండు కవచం చూసి హాయుల్ కాసేపు నమ్మలేదు. కిందటేడు ఇలాంటి వేదిక మీదే ఆమె ఫోటోకీ ఫోటోకీ మధ్య శాలువా కప్పుకుంటూ గడిపింది. నేల మీద చతికిలబడి కెమెరాలు పైకెత్తిన మగాళ్ళని ఇప్పటికీ మరిచిపోలేదు.

"ఇదంతా నాకేనా అక్కా?"

"పెద్ద మేడమ్ ఆర్డరు," అంది దోహీ, నడుం పట్టీ బిగిస్తూ.

రిహార్సల్లో హాయుల్ పని రాతి మీద ఒత్తిగిలి పడుకోవడం. ఈ కవచంతో ఆ భంగిమ కుదరదు. ఆమెకు కత్తిసాములో నల్లబెల్టు ఉంది. ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

తెర లేచింది. ముందు వరుసలో ఛైర్మన్ పక్కన కూర్చున్న గివన్ సగం లేచి నిలబడ్డాడు. వేదిక మీద సేనాని కత్తి ఝళిపిస్తోంది. వెనక పెద్ద తెర మీద అదే సేనాని పాత వేషంలో, మంచులో, వయ్యారంగా పడుకుని ఉంది.

"ఆ తెర మీదావిడ బట్టలు ఎవరెత్తుకుపోయార్రా?" అని జనంలోంచి ఒకమ్మాయి అరిచింది. హాలంతా గొల్లున నవ్వింది.

ఛైర్మన్ నవ్వలేదు. "ఇది ఎవరు చెప్తే చేశావ్?"

"మీ అమ్మగారే సార్!"

"మా అమ్మా? ఆవిడకి ఆటంటే పేకాటే. మా అమ్మ మీదకి తోస్తావా?"

గివన్ పన్నెండేళ్ళ ఉద్యోగం కళ్ళ ముందే కరిగిపోతోంది. అదే క్షణంలో ఫోన్ మోగింది. ఆ గోలలో వినపడక స్పీకర్ నొక్కాడు.

"అల్లుడూ, పాపం ఆ పిల్లకి మిగతా సగం అందిందా?"

"మీరా అత్తయ్యా!"

"మరి? సగం సరుకు పంపితే ఊరుకుంటారా ఎవరైనా? నువ్వైతే నోరు మూసుకుని తీసుకునేవాడివి!"

ఈలోగా ప్రదర్శన ముగిసింది. చప్పట్లు ఆగలేదు. ఆడపిల్లలు గుంపులుగా వచ్చి, బయట చేపముద్దలమ్మే దుకాణం దాటి మెట్ల దాకా వరుస కట్టారు. హాయుల్ అందరితోనూ నిలబడి ఫోటోలు దిగింది. ఎవ్వరూ నేల మీద చతికిలబడలేదు. ఆటను ముందుగా కొనుక్కునేవాళ్ళ తాకిడికి వెబ్‌సైటు కుప్పకూలింది.

ఛైర్మన్ ముఖం మెల్లగా విచ్చుకుంది. "ఇంతకీ ఈ ఆలోచన ఎవరిది?"

గివన్ గొంతు సవరించుకుని, టై సర్దుకున్నాడు. "నా—"

"నాదే," అంది చేతిలోని ఫోను.

సోమవారం ఛైర్మన్ స్వయంగా వెళ్ళి, కంపెనీకి గౌరవ సలహాదారుగా ఉండమని ఒక్సున్‌ను అడిగారు. ఆటలోని ఆడవాళ్ళందరి వేషాలనూ ఆవిడా దోహీ కలిసి ఒకసారి చూడాలన్నారు. ఆవిడ జీతం వద్దన్నారు, కారు వద్దన్నారు. సమావేశాల్లో మాత్రం అల్లుడు చెయ్యెత్తి, తాను తలూపాకే మాట్లాడాలన్నారు.