మాధురి గారికి తెల్లన్నం

ఆ డిసెంబరు ఉదయం నాగూర్ వలి పెట్టుకున్నవి మూడే పనులు. సింగరాయకొండలో రైలు దిగే ఇన్‌స్పెక్టర్ మాధురి గారిని ఆటోలో ఊళ్లోకి తీసుకురావడం, పేరయ్య చేనూ ధాన్యం గాదే చూపించడం, ఆ చేలో పండిన బియ్యంతోనే భోజనం పెట్టించి సంతకం తీసుకోవడం. రెండింటికల్లా ఇంటికెళ్లి నడుం వాల్చాలి. నడుం వాల్చడం లెక్కలో లేని పనే గానీ, మూడేళ్లుగా అతని మనసంతా దాని మీదే ఉంది.

రెండువేల మూడులో, మందు కొట్టనిదే మొక్క మొలవదని నమ్మే ఆ మిరప ఊళ్లో, పురుగుమందూ ఎరువూ లేకుండా వరి పండించమని పన్నెండుమందిని బతిమాలి ఒప్పించాడు. వాళ్లతో సంఘం పెట్టాడు. రైతుకి న్యాయమైన ధర ఇచ్చి విదేశాలకి పంపే కంపెనీని ఎక్కడో వెతికి పట్టుకున్నాడు. మూడేళ్లు చూస్తాం, ఆఖరి తనిఖీ బాగుంటేనే కొంటాం అన్నారు వాళ్లు. ఇదే ఆ ఆఖరి తనిఖీ, మాధురి గారు వాళ్లు పంపిన మనిషి.

"ఒరేయ్ వలీ, ఈసారి సంతకం పడకపోతే చేను మిరపకి కౌలుకిచ్చేస్తా. పురుక్కి కొట్టే నీ వేప కషాయాలు కాచీ కాచీ మా ఇంటిదాని చేతులు కంపు కొడుతున్నాయి" అని పేరయ్య ముందే చెప్పేశాడు. ఇద్దరూ ఒకే బడిలో గోడకుర్చీలు వేసినవాళ్లు. పేరయ్య అన్నాడంటే చేస్తాడు. అతను పోతే మిగతా పదకొండుమందీ అతని వెనకే పోతారు.

చేలో ఏ లోటూ దొరకలేదు. కిందటేటి ధాన్యం ఉన్న గాదె దగ్గరా దొరకలేదు. మాధురి గారు కాగితం మీద టిక్కులు పెట్టుకుంటూ నడిచారు. నాగూర్ వలి తన మంచాన్ని తలుచుకుంటూ నడిచాడు.

పేరయ్య ఇంట్లో, మాధురి గారి విస్తట్లో అన్నం పడేసరికి అతను మంచం సంగతి మర్చిపోయాడు. అన్నం మల్లెపూవులా ఉంది. పేరయ్య బియ్యం పైపొట్టు మాత్రమే తీసినవి. వండితే అన్నం ఎర్రగా, ముతగ్గా ఉంటుంది. నాగూర్ వలి వంటింటి గుమ్మం దగ్గరకి వెళ్లాడు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

"పట్నం నుంచి వచ్చిన మనిషి అన్నయ్యా. ఆ ముతకన్నం పెడితే ఏమనుకుంటుంది? కొట్లో సన్నబియ్యం తెప్పించా" అంది పేరయ్య భార్య హనుమాయమ్మ, తప్పేముందన్నట్టు.

అక్కడ మాధురి గారు ముద్ద కలుపుతూ ఆగారు. "ఇంత తెల్లగా ఏ మిల్లులో పట్టించారండి? పాలిష్ పట్టకూడదని రాసుకున్నాం కదా."

"మిల్లు కాదండి, రోట్లో దంచారు" అంది నాగూర్ వలి నోరు. అతన్ని అడగలేదది.

"చేతి దంపుడా? చాలా మంచిదండి. భోంచేశాక ఒకసారి దంచి చూపించండి, ఫోటో తీసుకుంటాను."

రోట్లో తలపెట్టి రోకటిపోటుకు వెరవనేల అన్నారు పెద్దలు. కానీ ఆ రోట్లో ఏముందో పెద్దలు చూడలేదు. హనుమాయమ్మ రోకలి పట్టేది కారం దంచడానికే. నిన్ననే దంచింది, ఇంకా కడగలేదు. గుప్పెడు ధాన్యం పోసి ఒక్క పోటు వేసిందో లేదో, ఘాటు గుప్పున లేచింది. మాధురి గారు ఏడుసార్లు తుమ్మారు. పేరయ్య తుమ్మాడు. పెరట్లో కట్టేసిన గేదె కూడా తుమ్మింది.

"ఈ మిరపకాయలు ఎక్కడివండి?" అన్నారావిడ కళ్లు తుడుచుకుంటూ. "మందు కొట్టినవైతే ఈ రోట్లో బియ్యం దంచకూడదు."

స్నేహితుణ్ణి ఆదుకుందామని పేరయ్య ముందుకొచ్చాడు. "అబ్బే, మా చేలోవేనండి. మందు లేనివే."

మాధురి గారు కాగితాలు తిరగేశారు. "మీకున్న రెండెకరాలూ వరే అని ఉంది. మిరప ఎక్కడ వేశారో చూపించండి. చెప్పకుండా దాచిన చేను ఉంటే తనిఖీ ఇక్కడితో ఆపేయాలి."

పేరయ్య నాగూర్ వలి వైపు చూశాడు. ఇంకో అబద్ధం ఆడాలంటే ఇప్పుడు ఏకంగా ఒక పొలం కావాలి. బియ్యమంటే కొట్లో దొరికాయి. నాగూర్ వలి రోటి పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"మిరప చేను లేదు మేడం. కాయలు సంతలో కొన్నవి. ఆ రోట్లో బియ్యం ఎప్పుడూ దంచలేదు. మీరు తిన్నది కొట్టు బియ్యం. మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగి, ఒక్క పూట అన్నం దగ్గర మునిగిపోయాం. నాకిక ఓపిక లేదు. ఏం రాసుకుంటారో రాసుకోండి." అతనికి నిజంగానే ఏడుపొచ్చింది. అందరూ కారం అనుకున్నారు.

"మరి మీ బియ్యం ఏమైనట్టు?" అన్నారు మాధురి గారు.

హనుమాయమ్మ లోపలికి వెళ్లి, మూతపెట్టిన గిన్నె తెచ్చి, సిగ్గుపడుతూ ముందు పెట్టింది. నిండా ఎర్రన్నం. "మేం రోజూ తినేది ఇదేనమ్మా. మీరు వెళ్లాక తిందామని దాచా. ఇది చుట్టాలకి పెట్టేది కాదు కదా."

మాధురి గారు ఒక ముద్ద నోట్లో వేసుకున్నారు. తర్వాత వీధిలోకి నడిచి, సంఘం రైతుల ఇళ్లు మరో నాలుగు తట్టి, నేరుగా వంటిళ్లలోకి వెళ్లి మూతలు తీశారు. రెబ్కా ఇంట్లో ఎర్రన్నం. రంజాన్ ఇంట్లో ఎర్రన్నం. మిగతా రెండిళ్లలోనూ అదే. ఆవిడ తమ ఇంటికీ వస్తారేమోనని నాలుగిళ్లలోనూ పక్కన చిన్న గిన్నెలో తెల్లన్నం సిద్ధంగా ఉంది.

తిరిగొచ్చి పెన్ను తీశారు. "పదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్నానండి. ఎక్కడికెళ్లినా మందు లేని బియ్యం నాకు వడ్డించి, వంటింట్లో వాళ్లు కొట్టు బియ్యం తింటారు. మీరు పండించింది మీరే తింటున్నారు. ఇంతకంటే నాకేం తనిఖీ కావాలి? ఇకమీదట మాత్రం అబద్ధం ఆడకండి, మీకు చేతకాదు." సంతకం పెట్టి ఆటో ఎక్కారు.

పన్నెండుమంది బియ్యమూ అమ్ముడుపోయినట్టే. పేరయ్య మెల్లగా అడిగాడు. "ఒరేయ్ వలీ, ఏరికోరి ఈ ముతక బియ్యం ఎక్కువ ధర పెట్టి కొంటున్నారంటే, ఆ దేశంలో అందరికీ షుగరేనా?"

మూడేళ్లలో ఆ బియ్యం గొప్పతనాన్ని అతనికి నలభైసార్లు వివరించిన నాగూర్ వలి, అవునన్నాడు.