నాది కాదనుకున్న వెన్నుపూస

మా ఆవిడ కొన్నాళ్లుగా నడుం పట్టుకుని నడుస్తోంది. డాక్టరు దగ్గరికి పద అంటే, "కుట్టాల్సిన బట్టలు గుట్టలుగా పడున్నాయి, మీరెళ్లండి" అంటుంది. కుట్టుమిషను మొరాయిస్తే మెకానిక్‌ని పిలుస్తుంది గానీ, తన ఒంటికి మాత్రం ఎవర్నీ పిలవదు.

అందుకని నేనో ఎత్తు వేశాను. పొద్దున్నే మంచం దిగకుండా మూలిగాను.

"ఏమైంది?"

"నడుం. ఒక్కణ్ణీ ఆస్పత్రికి వెళ్లలేను."

వాదిస్తుందనుకున్నాను. మారుమాట లేకుండా చెప్పులేసుకుంది. అక్కడైనా నాకు అనుమానం రావాల్సింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చెవిలో వేశాను. "నాది నటనండి. అసలు పేషెంటు ఆవిడ."

"అలాగా. ఇద్దరూ ఎక్స్‌రే గదికి వెళ్లండి."

తిరిగొచ్చేసరికి డాక్టరమ్మ గది గోడకున్న లైటు పలక మీద ఒకటే ఎక్స్‌రే ఫిల్ము. వెన్నుపూసల్లో ఒకటి తొక్కిన అగ్గిపెట్టెలా నలిగి ఉంది.

"ఇంత నొప్పి భరిస్తూ మిషను తొక్కిందా?" అన్నాను.

"ఇది మీదండి," అంది డాక్టరమ్మ. "ఎప్పుడో విరిగింది. బరువేమైనా ఎత్తారా?"

"బీరువా జరిపాను. నడుం పట్టేసి, అదే తగ్గిపోయింది."

"పూస ఎత్తు కూడా తగ్గింది. నా భయం అది కాదు." ఫిల్ము మీద పెన్ను కాస్త ముందుకి జరిపింది. వెన్ను ముందు సన్నటి తెల్ల గీత. "గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళమిది. గోడకి కాల్షియం పేరుకుంది. ఎముక గుల్లబారి విరిగినవాళ్లలో ఇది కూడా తరచు కనిపిస్తుంది. గుండె చూడకుండా మిమ్మల్ని పంపలేను. సిగరెట్ అలవాటుందా?"

"మానేశానండి."

"బట్టలు ఉతకని రోజున కూడా ఆరేసొస్తానని మేడెక్కుతారు," అంది మా ఆవిడ.

డాక్టరమ్మ నవ్వలేదు.

ఒంటికి వైర్లు అంటించారు, స్కాన్ తీశారు. ఫలితం కోసం బయట బల్ల మీద కూర్చున్నాం. మా ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

"నీ నడుం ఎలా ఉంది?"

"నిక్షేపంలా ఉంది."

"మరి ఇన్నాళ్లూ?"

"మీరు మీ కోసం డాక్టరు దగ్గరికి రారుగా. నా కోసమైతే వస్తారని. పద అనగానే వచ్చేస్తే నన్ను గేటు దగ్గర దింపి వెళ్లిపోతారని బెట్టు చేశాను. మీ ప్యాంట్లు ఎప్పట్లాగే సరిపోతున్నాయి, చొక్కాలు మాత్రం పొడుగైపోతున్నాయి. కాళ్లు కాళ్లలాగే ఉండి మనిషి పొట్టివాడైతే తగ్గింది ఎక్కడ? డాక్టరమ్మకి నిన్ననే ఫోన్ చేసి చెప్పాను. మీరే మూలుగుతారని మాత్రం అనుకోలేదు, నాకు పని తప్పింది."

అంతలో తలుపు తెరుచుకుంది. ఇద్దరం ఒకేసారి లేచాం.

"ప్రస్తుతం గుండెకి రక్తం బాగానే అందుతోంది," అంది డాక్టరమ్మ. "కానీ నిర్లక్ష్యం పనికిరాదు. ఎముకకి మందు, రక్తనాళానికి మందు. సిగరెట్ ముట్టుకోకూడదు, బరువులెత్తకూడదు."

నేను నోరు తెరిచేలోపే, "అలాగేనండి" అని నా తరఫున ఆవిడే ఒప్పుకుంది.

వరండాలోకి రాగానే మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఏదైనా జోకు వేద్దామనుకున్నాను. ఒక్కటీ తట్టలేదు. చెయ్యి చాపాను. పట్టుకుంది.

"మెల్లగా నడవండి," అంది.